డ్రాగ్ మీద ఫ్యాషన్ ఫిల్మ్, జీన్ చేస్తున్నాం. టెస్ట్ షూట్ చూస్తే టీవీ స్కిట్‌లా ఉంది, ఏం చేయాలి?

బీచ్‌రోడ్_బాబిన్
శనివారం, రాత్రి 11:52

నమస్తే అందరికీ. వైజాగ్‌లో ఫ్యాషన్ డిజైన్ ఫైనలియర్ చదువుతున్నా, కాలేజీ పేరు మాత్రం అడక్కండి. మేం నలుగురం కలిసి ఫైనల్ ప్రాజెక్టుకి మూడు నిమిషాల ఫ్యాషన్ ఫిల్మ్ ఒకటి, దానికి జతగా 24 పేజీల జీన్ ఒకటి చేస్తున్నాం. జీన్ అంటే ప్యాంటు కాదు, మా అమ్మ కూడా అదే అనుకుంది. మనమే రాసి, మనమే ప్రింటు కొట్టించి చేత్తో పంచుకునే చిన్న పుస్తకం. సబ్జెక్టు డ్రాగ్, అంటే మగవాళ్ళు ఆడవేషం, ఆడవాళ్ళు మగవేషం కట్టి, కావాలనే కాస్త అతిగా చేసి చూపించే కళ. ఆరు వారాలు టైముంది. నలుగురం వేసుకుంటే 20 వేల దాకా తేలుతుంది, అందులో నాలుగు వేలు ఇప్పటికే బట్టలకి అయిపోయాయి.

పోయిన ఆదివారం టెస్ట్ షూట్ చేశాం. మా క్లాస్‌మేట్ ఒకడు ఇష్టపడే ఒప్పుకున్నాడు, బలవంతం ఏమీ లేదు. మనిషి ఐదడుగుల పదకొండంగుళాలు. చీర కట్టి, విగ్గు పెట్టి, కనుబొమ్మలు జిగురుతో కప్పి మూడు గంటలు మేకప్ వేశాం. సాయంత్రం రుషికొండ బీచ్‌లో తీశాం. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే అచ్చం టీవీ కామెడీ షోల్లో లేడీ గెటప్ లాగే ఉంది. మాకే నవ్వాగలేదు. వాడూ నవ్వాడు గానీ కాసేపటికి లేచి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మెసేజ్ పెడితే ఎప్పటికో రిప్లై ఇస్తున్నాడు. అదే గుచ్చుకుంటోంది నాకు.

ఇంకోటి, మా మూడ్‌బోర్డ్ (ఐడియాల కోసం ఫొటోలు అంటించుకునే బోర్డు) నిండా అమెరికా టీవీ డ్రాగ్ పోటీల ఫొటోలే. గైడ్ మేడమ్ చూసి "ఇందులో మీరెక్కడున్నార్రా?" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. ఏం చెప్పాలో తెలీలేదు.

నవ్వు రాకుండా ఎలా తీయాలి? అసలు నవ్వు వస్తే తప్పా? పనిలో పనిగా ఇది కూడా: జీన్‌లో తెలుగు అక్షరాలు ఉండాలని మా ఆశ, ఫోన్‌లో టైప్ చేసే యూనికోడ్ తెలుగు చూపిస్తే డీటీపీ షాపాయన "యూనికోడ్ అయితే అవదమ్మా" అని తేల్చేశాడు. నిజమేనా?

కత్తెరమ్మ
ఆదివారం, ఉదయం 6:10

బాబూ, నువ్వు ఫొటో పెట్టలేదు గానీ నాకు కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది. బ్లౌజు రెడీమేడ్‌దే కదా? లేదంటే మీ క్లాసులో అమ్మాయి బ్లౌజుకి పక్కలు విప్పి పట్టించారు. ఔనా?

మర్రిపాలెంలో పాతికేళ్ళుగా కుడుతున్నాను. నాటకాలోళ్ళకి కుట్టాను, స్కూలు యానివర్సరీలకి కుట్టాను, ఇద్దరు ముగ్గురు ట్రాన్స్‌జెండర్ అమ్మాయిలు రెగ్యులర్‌గా నా దగ్గరే కుట్టించుకుంటారు. కాబట్టి అనుభవం మీద చెబుతున్నా, మీకు నవ్వొచ్చింది అబ్బాయి చీర కట్టాడని కాదు, ఆ చీరా జాకెట్టూ వాడివి కాకపోవడం వల్ల. టీవీలో చేసేది కూడా అదే, కావాలనే సరిపోని బట్టలు వేస్తారు. చంక దగ్గర పట్టేసి, వీపు మీద హుక్కు లాగేసి, భుజం మీద చెయ్యి కుట్టు జారిపోయి ఉంటే చూసేవాళ్ళకి "ఇది ఇతనిది కాదు" అని క్షణంలో తెలిసిపోతుంది. నవ్వు అక్కడ పుడుతుంది.

మగవాళ్ళ భుజం వెడల్పు, చంక లోతు, వీపు వెడల్పు అన్నీ వేరే. ఆడవాళ్ళ కటింగ్‌ని పెద్దది చేస్తే సరిపోదు, కొత్తగా గీయాలి. చెయ్యి కుట్టు భుజం అంచు కంటే అరంగుళం లోపలికి తీసుకో, భుజం చిన్నగా కనిపిస్తుంది. బోట్ నెక్ వద్దు, అది ఉన్న భుజాన్ని ఇంకా పరుస్తుంది, లోతుగా ఉండే వీ మెడ పెట్టు. మోచేతి దాకా చెయ్యి ఉంటే మంచిది. నడుముని బిగించి సన్నం చేద్దామని చూడకండి, ఊపిరాడక చస్తాడు. నడుము అలాగే ఉంచి తుంటి పెంచండి. సోఫా షాపులో అంగుళం మందం స్పాంజి షీటు కొని, తుంటి ఆకారంలో కోసి, అంచులు కత్తెరతో పల్చగా చెక్కి, దాని మీద బిగుతు లెగ్గింగ్‌లు రెండు వేయించు. అంచు చెక్కకపోతే లోపల దిండు పెట్టినట్టు తెలిసిపోతుంది, చాలామంది పాడుచేసేది అక్కడే.

ఇంక చీర. చీర పన్నా మామూలుగా 45, 46 అంగుళాలు. ఐదడుగుల పదకొండు మనిషికి నడుము దగ్గర్నుంచి నేల దాకా ఎంతుంటుందో కొలిచావా? దానికి మూడంగుళాల హీల్ కలుపు. కింద చీలమండలు బయటికొచ్చేస్తాయి, చూసేవాళ్ళకి అక్కడా నవ్వే. చీరకి కింద వేరే అంచు అతుకు, నాలుగంగుళాల వెడల్పు ఉన్నది. లేదంటే తొమ్మిది గజాల చీర తీసుకుని గోచీ పోసి కట్టు, అప్పుడు కాలు కనబడటం కూడా కట్టులో భాగమే అవుతుంది.

మీరు డిజైన్ స్టూడెంట్లు కదా, ఇదంతా మీకు నేను చెప్పాలా :) టెన్షన్ పడి మేకప్‌కి మూడు గంటలు పెట్టారు, కొలతలకి పది నిమిషాలు కూడా పెట్టలేదు.

బీచ్‌రోడ్_బాబిన్
ఆదివారం, ఉదయం 8:30

అత్తా, దొరికిపోయాం. బ్లౌజు మా గ్రూపులో అమ్మాయి వాళ్ళ పిన్నిది. పక్కలు విప్పాం.

ఫోకస్_పుల్లర్_ఫణి
ఆదివారం, ఉదయం 9:05

బట్టల సంగతి అక్క చెప్పారు, నేను కెమెరా సంగతి చెప్తా. వైజాగ్‌లో బీచ్ షూట్ అనగానే అందరూ సాయంత్రం పెట్టుకుంటారు, అదెందుకో నాకు అర్థం కాదు. మన సముద్రం తూర్పున ఉంది బ్రో. సూర్యుడు నీళ్ళ మీద లేచేది పొద్దున్న, సాయంత్రం మాత్రం కొండల వెనక్కి పోతాడు. సినిమాల్లో చూసే ఆ బంగారు రంగు సాయంత్రం సముద్రం మీద మనకి దొరకదు, బీచ్ అంతా నీడ పడిపోయి మొహాలు బూడిద రంగులో వస్తాయి. దానికి తోడు ఉప్పుగాలి, చెమట, మూడు గంటల కిందట వేసిన మేకప్. మీ వాడి మొహం పెచ్చులూడిన గోడలా వచ్చిందంటే తప్పు మేకప్ వేసినోళ్ళది కాదు.

బీచే కావాలంటే తెల్లారగట్ల వెళ్ళండి. జూన్‌లో 5:20 ప్రాంతానికే సూర్యోదయం, డిసెంబరులో ఆరుంపావు దాటుతుంది. అంటే రాత్రి రెండింటికి మేకప్ మొదలెట్టాలి. కష్టమే, కానీ ఆ టైములో జనం ఉండరు, అది మీ ఆర్టిస్టుకి చాలా పెద్ద ఊరట. సాయంత్రం రుషికొండలో చుట్టూ పాతికమంది ఫోన్లు పట్టుకుని నిలబడితే ఎవడికైనా భుజాలు ముడుచుకుపోతాయి.

లెన్స్ సంగతి. ఫోన్ వైడ్‌లో దగ్గరికెళ్ళి తీసి ఉంటారు, ముక్కు పెద్దదై గడ్డం సాగుతుంది, అది కామెడీ లెన్స్. వెనక్కి రండి, ఫోన్‌లో 2ఎక్స్ పెట్టండి, కెమెరా అద్దెకి తెస్తే 85 ఎంఎం లెన్స్. కెమెరా కంటి ఎత్తులో కాకుండా నడుము ఎత్తులో పెట్టి కాస్త పైకి చూపించండి. మనిషి పైనుంచి మనల్ని చూస్తున్నట్టు ఉండాలి. గదిలో తీస్తే ట్యూబ్‌లైట్ మిణుకుమిణుకుమంటుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ స్పీడు 1/50 గానీ 1/100 గానీ ఉంచండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: దారినపోయేవాళ్ళు వింతగా చూస్తున్న షాట్ మాత్రం వద్దు. చాలామంది ఇది పెట్టి "సమాజం" చూపించామనుకుంటారు. అది పెట్టగానే ప్రేక్షకుడు కూడా ఆ జనంలో ఒకడైపోతాడు.

డ్రోన్ ఆలోచన ఉంటే మానుకోండి. ఇది నేవీ ఊరు, ఎయిర్‌పోర్టు కూడా నేవీదే, పర్మిషన్ లేకుండా ఎగరేస్తే ప్రాజెక్టు బదులు స్టేట్‌మెంట్ రాసుకోవాలి. ఎర్రమట్టి దిబ్బల మీద ఎర్ర చీర అని కూడా ఎవరో ఒకరు అంటారు, ప్రతి బ్యాచ్‌లో అంటారు. అది కాపాడాల్సిన భౌగోళిక వారసత్వ స్థలం, తొక్కితే కరిగిపోయే ఇసుక. వదిలేయండి.

మద్దెల_మావయ్య
ఆదివారం, మధ్యాహ్నం 2:40

తమ్ముడూ, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ వ్యవహారం. అమెరికా టీవీ దాకా ఎందుకు, మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో తూర్పు భాగోతం అని ఉంది, ఎప్పుడైనా చూశావా? రాత్రంతా భామాకలాపం. సత్యభామ వేషం వేసేది మగాడే. మా పెదనాన్న మద్దెల వాయించేవాడు, నేను పదేళ్ళ వయసులో మద్దెల పక్కన కూర్చుని నిద్రపోయేవాణ్ణి. మద్దెల దెబ్బకి సమాధానంగా భామ కాలు పడుతుంది, కాలు చూసి మద్దెల మారుతుంది, ఇద్దరి మధ్యా పోటీ. ఎదురుగా వెయ్యిమంది ఊరోళ్ళుంటే ఒక్కడూ నవ్వడు. నవ్వాల్సిన చోట నవ్వుతాడు, అది వేరే.

కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935–2012) సత్యభామగా ఎంత పేరు తెచ్చుకున్నారో నీకు తెలిసే ఉంటుంది, 1970లో పద్మశ్రీ. నాటకాల్లో అయితే బాపట్ల స్థానం నరసింహారావు గారు, ఆయనకి 1956లోనే పద్మశ్రీ ఇచ్చారు. ఆడవేషానికి ఈ దేశం బిరుదులిచ్చింది అంటే మీ మేడమ్ ఏమంటారో అడుగు.

ఒక్క సంగతి చెబుతా, మీ ఫిల్ముకి పనికొస్తుంది. భామ ఒక్కసారిగా స్టేజి మీదికి రాదు. ముందు తెర పడతారు, తెర వెనక నుంచి గొంతు, గజ్జెలు. తర్వాత జడ తీసి తెర మీంచి బయటికి వేస్తుంది. అంత పొడుగు జడ, దాని మీద నాగరం, బిళ్ళలు, కుచ్చులు. అది సవాలు. నన్ను గెలిచేవాడుంటే రండి అని. మొహం కనపడకముందే జనం లొంగిపోతారు. మీరేమో మొదటి షాట్‌లోనే మొహం చూపించి ఉంటారు.

పగటివేషాల్లో అర్ధనారీశ్వరుడు ఇంకో అద్భుతం. ఒకే మనిషి, ఒక పక్క మీసం, పులితోలు, ఇంకో పక్క చీర, ముక్కెర. ఒక గుడ్డని మొహానికి అడ్డం పట్టుకుని ఇటు తిరిగితే శివుడు, అటు తిరిగితే పార్వతి. కటింగు లేదు, ఎడిటింగు లేదు.

ఒక హెచ్చరిక. పాతకాలంలో మొహానికి అర్దళం పూసేవాళ్ళు, పసుపు ఛాయ వస్తుంది. ఎవరైనా పెద్దవాళ్ళు చెప్తే విని ఊరుకో, అది ఆర్సెనిక్ ఉన్న రాయి, విషం. మామూలు పాన్‌కేక్ మేకప్ చాలు.

నడక నేర్పించు అబ్బాయికి. రోజూ అరగంట, అద్దం లేకుండా. భుజం వెనక్కి, బరువు మడమ మీద కాదు. నెల రోజులు చాలు.

యూజర్_7731
ఆదివారం, మధ్యాహ్నం 3:15

[ఈ వ్యాఖ్యను మోడరేటర్ తొలగించారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల మీద బూతు మాటలు ఇక్కడ వాడొద్దు. సంస్కృతి గురించి వాదించాలంటే పైన మావయ్యగారితో మర్యాదగా వాదించండి.]

పగలు_అకౌంటెంట్
ఆదివారం, రాత్రి 10:20

నేను డ్రాగ్ చేస్తాను. ఊరు గాజువాక, ఇప్పుడుండేది వేరే సిటీలో. ఇంట్లో తెలీదు, అందుకే ఈ పేరుతో రాస్తున్నా.

మద్దెల మావయ్యగారూ, మీరు రాసింది చదివి మనసు నిండిపోయింది, జడ గురించి ముఖ్యంగా. కానీ ఒక్కచోట మీతో గొడవ పెట్టుకుంటా, ఏమీ అనుకోకండి. "ఇది మన దగ్గర ముందే ఉంది" అనే మాటని మనం రేషన్ కార్డులా వాడతాం. అది చూపిస్తేనే లోపలికి రానిస్తారన్నట్టు. పాత స్టేజి మీద మగవాళ్ళు ఆడవేషాలు వేయడానికి ఒక కారణం ఆడవాళ్ళని స్టేజి ఎక్కనివ్వకపోవడం. కూచిపూడిలో తరతరాలుగా కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళకే ఆ విద్య ఉండేది. పొద్దున్నే వేషం తీసేస్తే ఆయన పెళ్ళాం పిల్లలున్న గౌరవనీయుడు. డ్రాగ్ పుట్టుక అది కాదు. అమెరికాలో బానిసగా పుట్టిన విలియం డోర్సీ స్వాన్ అనే నల్లజాతి మనిషి వాషింగ్టన్‌లో గౌన్లు వేసుకునే విందులు పెడితే 1888లో పోలీసులొచ్చి పట్టుకున్నారు. 1967లో న్యూయార్క్ డ్రాగ్ పోటీలో కిరీటం తెల్లవాళ్ళకేనా అని క్రిస్టల్ లబేజా అనే నల్లజాతి డ్రాగ్ క్వీన్ స్టేజి మీంచి దిగి వెళ్ళిపోయింది, ఆ తర్వాత 1970ల్లో తన పేరు మీద హౌస్ పెట్టింది. ఇంట్లోంచి గెంటేసిన పిల్లలకి ఆ హౌసే ఇల్లు, అక్కడ పెద్దావిడే అమ్మ. బిరుదులకీ దానికీ చాలా దూరం.

కాబట్టి తమ్ముడూ (లేక చెల్లీ), రెండూ ఒకటే అని జీన్‌లో రాయొద్దు. పక్కపక్కన పెట్టు, మధ్యలో గీత కనబడనివ్వు. మీ మేడమ్ అడిగినదానికి జవాబు భామాకలాపంలోనో అమెరికాలోనో లేదేమో. మీరు నలుగురూ ఎవరు, మీకు ఇది ఎందుకు కావాలి, అది రాశారా ఎక్కడైనా?

నవ్వు గురించి. నవ్వు వస్తే తప్పేం కాదు. డ్రాగ్‌లో నేను జనాన్ని నవ్విస్తాను, అది నా పని. తొంభైల్లో మన సినిమా హీరోలు ఆడవేషం వేసిన కామెడీలు చూసి నేనే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి, వాటిలోని చీరలు చూసి కుళ్ళుకునేవాణ్ణి కూడా. తేడా ఒక్కటే, జోకు ఎవరి చేతిలో ఉంది? నేను కన్ను కొట్టి నవ్విస్తే నవ్వు నాది. నా చీర చీలమండ దగ్గర ఆగిపోయి మీరు నవ్వితే అది నా మీద. మీ ఫ్రెండు లేచి వెళ్ళిపోయింది అందుకే అనుకుంటున్నా. వాడికి సారీ చెప్పారా? చెప్పకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చేయండి.

తర్వాత వాడిని మోడల్‌లా చూడకండి. డ్రాగ్‌లో వేసుకునేవాళ్ళే డిజైనర్. వాడికి ఏ పేరు కావాలి, ఏ పాట మీద పెదవులాడించాలని ఉంది, చీరే కావాలా, అసలు విగ్గు కావాలా? నా మొదటి షోకి మా అమ్మ ఫాల్ కుట్టి పక్కన పెట్టిన మెరూన్ చీర దొంగతనంగా పట్టుకెళ్ళా. దాని వాసన తగలగానే నడక దానంతటదే వచ్చేసింది, ప్రాక్టీసు లేకుండానే. అది ఎవరూ బయట్నుంచి ఇవ్వలేరు.

మీ గ్రూపులో అమ్మాయిలున్నారన్నావుగా, వాళ్ళలో ఎవరికైనా మీసం పెట్టుకోవాలని ఉందా అడుగు. డ్రాగ్ కింగ్‌లని అందరూ మర్చిపోతారు. పంచె కట్టు, కండువా, కాలు మీద కాలేసి కూర్చోవడం, మన మగవేషంలో బోలెడు నటన ఉంది, ఎవరూ దాన్ని వేషం అనరంతే.

సీరియస్ విషయం. ట్రాన్స్‌జెండర్ కావడం, డ్రాగ్ చేయడం ఒకటి కాదు. ఒకటి జీవితం, ఒకటి కళ. రెండూ కలిసిన మనుషులూ ఉంటారు. జీన్‌లో హిజ్రాల ఫొటో రోడ్డు మీద తీసి "స్ఫూర్తి" అని పెట్టొద్దు. వాళ్ళని కలవాలంటే కలిసి మాట్లాడి, డబ్బులిచ్చి, ప్రింటుకెళ్ళేముందు పేజీ చూపించండి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377 సంగతి తేల్చేసింది, పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వకమైన సంబంధం ఇక నేరం కాదు. అయినా ఇంట్లో నాన్న చేతిలో దెబ్బలు తినడానికి కోర్టు తీర్పు అడ్డం రాదు. అందుకే మీ ఫ్రెండుతో కాగితం మీద రాసుకోండి: ఫిల్ము జ్యూరీ (మార్కులేసేవాళ్ళ) గదిలోనేనా, యూట్యూబ్‌కి వెళ్తుందా, ఇన్‌స్టాలో మొహం కనబడొచ్చా, రెండేళ్ళ తర్వాత తీసేయమంటే తీసేస్తారా. నా ఫొటో ఒకటి నన్ను అడక్కుండా ఎవరో పెట్టేస్తే మా బాబాయి వాట్సాప్ దాకా వచ్చింది. అది నేను కాదని రెండు నెలలు వాదించాను. మంచి మేకప్ వల్ల బతికిపోయా.

మద్దెల_మావయ్య
ఆదివారం, రాత్రి 10:58

నాయనా, నువ్వు చెప్పింది న్యాయమే. మా భాగోతం వాళ్ళకి పద్మశ్రీలు రాలేదులే, కూలికెళ్ళి వచ్చి రాత్రిళ్ళు వేషం కట్టినవాళ్ళే ఎక్కువ. వాళ్ళ మొహాన అంత గౌరవం కూడా లేదు, తాగొచ్చినవాళ్ళు వేదిక దగ్గర చెయ్యి పట్టుకు లాగడం నేను కళ్ళారా చూశాను. ఆ మాట ముందు రాయలేదు. రాయాల్సింది.

ఎప్పుడైనా గాజువాక వస్తే మద్దెల వినిపిస్తాను.

డీటీపీ_బాబాయ్
సోమవారం, ఉదయం 7:45

మీరంతా పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుకుంటున్నారు, నేను కాగితం గురించి మాట్లాడతా. డాబా గార్డెన్స్ వైపు 2002 నుంచి డీటీపీ చేస్తున్నా.

మీ షాపాయన అబద్ధం చెప్పలేదు, కానీ పూర్తి నిజమూ కాదు. మాలాంటోళ్ళం చాలామంది ఇప్పటికీ పాత పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొడతాం. అది యూనికోడ్ కాదు, కీబోర్డు లెక్క వేరే. మీరు ఫోన్‌లో టైప్ చేసిన తెలుగు అందులో పేస్ట్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి. అందుకని మా దగ్గర కంపోజ్ చేయించొద్దు, మీరే పేజీలన్నీ చేసుకుని పీడీఎఫ్ తెచ్చివ్వండి, ఫాంట్లు అందులో ఎంబెడ్ చేసి. అప్పుడు ఏ షాపువాడూ కాదనడు. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టాలి, లేదంటే ఒత్తులు విడిపోయి "స్త్రీ" అన్న మాట మూడు ముక్కలై కూర్చుంటుంది. మీ సబ్జెక్టుకి ఆ ముక్కలు కూడా బాగుంటాయేమో, అది మీ ఇష్టం.

ఫాంట్లకి డబ్బులు పెట్టకండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు అన్నీ ఉచితం. హెడ్డింగుకి రామభద్ర లావుగా పోస్టర్‌లా ఉంటుంది, మ్యాటర్‌కి మండలి. చిన్న సైజులో ధూర్జటి జోలికి పోకండి, చదవలేరు.

24 పేజీలు అన్నారు, నాలుగుతో భాగారం పోతుంది కాబట్టి మధ్యలో పిన్ను కొట్టడానికి ఇబ్బంది లేదు. కానీ మీ దగ్గర మిగిలింది 16 వేలు, ఫిల్ము కూడా అందులోనే. నా మాట విని ఒక్క ఏ3 కాగితంతో చేయండి. దాన్ని ఎనిమిది గళ్ళుగా మడిచి, మధ్యలో ఒక్క గాటు పెట్టి లోపలికి నొక్కితే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం అవుతుంది, పిన్ను కూడా అక్కర్లేదు. పుస్తకం విప్పేస్తే వెనక వైపు ఖాళీ ఉంటుంది కదా, అక్కడ నిలువునా ఒక్కటే బొమ్మ వేయండి. పైన మావయ్యగారు చెప్పిన జడ ఉందే, అది. మడిచినప్పుడు లోపల దాక్కుంటుంది, విప్పితే మొత్తం జడ. గోడకి అంటించుకుంటారు.

100 జీఎస్ఎమ్ మ్యాప్లిథో (మెరుపు లేని మామూలు కాగితం) వాడండి, ఆర్ట్ పేపరు మడత దగ్గర పగిలి తెల్లగా గీత వస్తుంది. అంచుల్లో 3 మిల్లీమీటర్లు ఎక్స్‌ట్రా వదలండి. స్క్రీన్ మీద కనబడే ఆ మెరిసే గులాబీ రంగు ప్రింటులో రాదు, చచ్చినా రాదు, ముందే చెబుతున్నా. తర్వాత వచ్చి నాతో పోట్లాడొద్దు. అంత గులాబీ కావాలంటే గులాబీ రంగు కాగితం మీదే నలుపు కొట్టించుకోండి, ఖర్చూ తక్కువే.

ఫోకస్_పుల్లర్_ఫణి
సోమవారం, ఉదయం 8:10

బాబాయ్, ఆ జడ ఐడియాకి దండం.

పాట గురించి మర్చిపోయా. సినిమా పాట మీద లిప్ సింక్ చేస్తే జ్యూరీ గదిలో ఏమీ అనకపోవచ్చు గానీ యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. పాత రికార్డు కదా అనుకోకండి, మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. మావయ్యగారి చేత మద్దెల వాయించుకుని రికార్డు చేసుకోండి, అద్భుతంగా ఉంటుంది, డబ్బు మాత్రం ఇవ్వండి.

కత్తెరమ్మ
సోమవారం, ఉదయం 11:30

నగల గురించి ఎవరూ అనలేదేంటి. ఫ్యాన్సీ షాపు నగలు కెమెరాలో ప్లాస్టిక్కని తెలిసిపోతాయి, నిజంగా ఇత్తడివి పెడితే పాపం చెవులు తెగుతాయి. ఏటికొప్పాక వెళ్ళి లక్క బొమ్మలు చేసేవాళ్ళని అడుగు. అంకుడు కర్ర తేలిక, అరచేయంత జుంకీ పెట్టినా చెవికి తెలీదు. రంగులు చెట్టూ చేమల నుంచి తీసినవి, ఆ ఎరుపు వేరే ఎక్కడా దొరకదు. బస్సులో పోయి ఒక్కరోజులో వచ్చేయొచ్చు. వాళ్ళకి డ్రాయింగు వేసి పట్టుకెళ్ళు, నోటితో చెప్తే బొంగరం చేసిస్తారు.

విగ్గు కూడా నైలాన్‌ది వద్దు, ఎండలో బొమ్మ జుట్టులా మెరుస్తుంది. వీధుల్లో చిక్కు జుట్టుకి స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు వస్తారు కదా, ఆ జుట్టంతా ఎక్కడికి పోతోందనుకున్నావు, విగ్గులకే. మనం గిన్నెకిచ్చింది చివరికి వేలకి అమ్ముతారు. నువ్వు ఒరిజినల్ విగ్గు కొనలేవు గానీ సవరం కొనగలవు.

బీచ్‌రోడ్_బాబిన్
బుధవారం, రాత్రి 9:40

మూడు రోజులు మాట్లాడలేదు, సారీ. సారీ అంటే గుర్తొచ్చింది, వాడికి చెప్పాం. నలుగురం కలిసి జగదాంబ దగ్గర టీ తాగుతూ చెప్పాం. వాడు మొదట "ఏం పర్లేదురా" అన్నాడు, తర్వాత పావుగంట తిట్టాడు. చీర మాకు నచ్చిందని కట్టాం, తనకి చీర కట్టుకోవాలని లేదట! వాడికి కావాల్సింది వాళ్ళ నానమ్మ ఫొటోలో ఉన్నట్టు లంగా ఓణీ, రెండు జడలు. మేం ఎవరం అడగలేదు. అకౌంటెంట్ అన్నా, మీరు చెప్పినదంతా ఇక్కడే ఉంది.

మార్చిన ప్లాన్ ఇది. బీచ్ తీసేశాం. ఓల్డ్ టౌన్‌లో మా ఫ్రెండు వాళ్ళ పాత పెంకుటిల్లు ఉంది, పొద్దున్న కిటికీ వెలుతురు బాగా పడుతుంది, అక్కడే తీస్తాం. మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు తయారవ్వడమే: స్పాంజి చెక్కడం, హుక్కులు పెట్టడం, జడ అల్లడం. మొహం చివరి ఇరవై సెకన్లలోనే, అదీ వాడు చూపించాలనుకుంటే. రెండు వెర్షన్లు ఎడిట్ చేస్తాం, మొహం ఉన్నది జ్యూరీకి మాత్రమే, కాగితం మీద రాసుకున్నాం. మా గ్రూపులో అమ్మాయి ఒకతి మీసం పెట్టుకుంటానని ఎగురుతోంది, వాళ్ళ నాన్న పంచె కట్టు కాపీ కొడుతుందట. దాన్ని జీన్‌లో పెడుతున్నాం. జీన్ బాబాయ్ చెప్పినట్టే ఏ3, గులాబీ కాగితం, వెనకాల రెండు జడలు.

జీన్ మొదటి పేజీలో మేం నలుగురం ఇది ఎందుకు చేస్తున్నామో తలా నాలుగు లైన్లు రాస్తున్నాం. నాది ఇంకా అవలేదు. ఐదుసార్లు రాసి కొట్టేశా.

కత్తెరమ్మ అత్తా, లంగా ఓణీకి కూడా మీరు చెప్పిన కొలతల లెక్కే వర్తిస్తుందా? సవరం ఎక్కడ దొరుకుతుంది, రెండు కావాలి, నడుము దిగేంత పొడుగు. జడ వాడే అల్లుకుంటాడట.

కత్తెరమ్మ
బుధవారం, రాత్రి 10:05

పూర్ణా మార్కెట్ ఫ్యాన్సీ షాపుల్లో అడుగు, రంగు కలవాలి కాబట్టి వాడి జుట్టు పక్కన పెట్టి చూసుకుని కొనండి. లంగాకి పొడుగు సమస్య లేదు, ఎంత కావాలంటే అంత కుట్టొచ్చు, ఓణీ మాత్రం రెండున్నర గజాలు చాలదు, మూడు తీసుకో. లంగా బొందు దగ్గర కుచ్చు ఎక్కువ పెడితే స్పాంజి కూడా సగం తగ్గించొచ్చు.

ఆదివారం పదింటికి షాపుకి రండి. కొలతలు నువ్వు రాసి పంపించకు, అబ్బాయిని తీసుకురా.